స్తుతియందుఁ బునరుక్తి

పునరుక్తి దోషమని యాలంకారికులు చెప్పుదురు. హర్షాదులచేఁ బరవశుఁడైనవాని పలుకునం దది దోషము కాదనియు వారే యొప్పుకొనిరి. ఈ యపవాదము స్తోత్రములకుఁ జాలునా యని విచారింపఁగోరి, ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమును, యూదుల కీర్తనలలో 136వదానిని జేర్చి చదివితిని. హుజూరాబాదువాసులమగు మాకు మొదటిది చిన్ననాఁటి పాఠము. రెండవది తెలుఁగు బైబిలునందు గద్యముగా నున్నది.

ధర్మపురి గోదావరీతీరక్షేత్రము, 2016 వఱకుఁ గరీంనగరము జిల్లాలోనిది, ఇప్పుడు జగిత్యాల జిల్లాలోనిది. శేషప్ప యచ్చటి నృసింహునిఁ బ్రతిసీసపద్యాంతమునను బిలుచును. ఆ మకుటమున దేవుని నివాసము, దుష్టసంహారము, పాపనివారణము మూఁడును గలవు, అన్నియు సంబోధనములే. ముందే యున్నవానిని దనవైపునకుఁ దిరుగఁజేసికొనుటయే సంబోధనమని భర్తృహరి మతము. కావున శేషప్ప దేవుని దయను నిరూపింపఁబూనఁడు. దయాళువని యెఱిఁగియే పిలుచును.

కీర్తనకారుని మార్గము వేఱు. అందలి 26 వచనములలోఁ బ్రతిదాని యుత్తరార్ధమునను దేవుని కృప నిత్యమనుటయే మరల వచ్చును. దేవుఁ డిందుఁ బ్రథమపురుషమున నున్నాఁడు. కవి పిలుచునది సమాజమును. యూదులు పస్కాపండుగ రాత్రి దీనిని బఠింతురు. పూర్వార్ధము కార్యము, ఉత్తరార్ధము హేతువు. ఆకాశమును గల్పించుటకుఁ గృప హేతువు. సముద్రమును విభజించుటకును గృపయే హేతువు. హేతువు మరల మరల వచ్చినను గార్యము మాఱుచుండుటచేఁ బునరుక్తి విసుగు పుట్టింపదు.

ఇంతవఱకు సుఖముగా నడచును. 10వ వచనమున ఐగుప్తీయుల తొలిచూలు బిడ్డలను హతము చేయుటయు, 17 మొదలు 20 వఱకు సీహోను, ఓగు మున్నగు రాజులను వధించుటయు నా కృపకే చెందినవి. నా మన స్సిచ్చట నిలిచిపోయినది. చంపుట కృప యెట్లగును? ధాతుపాఠమున దయధాతువునకు దానము, గతి, రక్షణము, హింస, ఆదానము అని యర్థములు గలవు. దానిని వల్లించునాఁడు హింసార్థమువద్ద మేము నవ్వుకొంటిమి. ప్రహ్లాదుని కథ నెఱిఁగినవారికి రక్షణమును హింసయు నొక్కచోట నుండుట వింత కాదు. ఐనను హిరణ్యకశిపుఁడు తానే హింసకుఁడు. ఐగుప్తు శిశువు లేమి చేసిరి? ధాతుబలముచే నీ ప్రశ్నను దాఁటుట పాండిత్యప్రదర్శన మగునే కాని సమాధానము కాదు.

చిక్కు కొంత తెనుఁగుమాటయందును గలదు. హెబ్రీమూలమునందలి హెసెద్ అను పదమునకు, నిబంధనకుఁ గట్టుపడి తప్పని స్నేహమను భావము గలదు. క్రపధాతువునకు సంప్రసారణముచే నేర్పడిన కృపాశబ్దము జాలినే తోఁపించును. మాట తప్పమి యందు మఱుఁగుపడినది. అనువాదకుని నిందింపరాదు, సరియగు నొక్కమాట మనకును లేదు. నే నైనచో వాత్సల్యమను మాటను వాడుదును. అది వత్సశబ్దభవము. దూడను నాకు నావే దానికొఱకుఁ బరులను గుమ్మును. ఇట్లన్నను 10వ వచనపు శిశువుల ప్రశ్న తీఱదు. వచనార్థము మాత్రము పొసఁగును. 25వ వచనమున సర్వప్రాణులకు నాహార మిచ్చుటయు నీ గుణముచేతనే యని చెప్పుటవలనఁ దనవారు, పరులు అను భేదము కవియే చివరకు విడిచినాఁడని తోఁచుచున్నది. కీర్తనమంతటను నాకు మిక్కిలి నచ్చిన దా వచనమే.

మరణభయమున మాత్రము రెండు సంప్రదాయములును దగ్గఱకు వచ్చును. 6వ కీర్తనమున భక్తుఁడు, మృతులకు దేవుని స్మరణ యుండదు గదా, పాతాళమున స్తుతించువాఁ డెవఁడని యడుగును. తాను పోయినచో దేవునికే స్తోత్రము తగ్గునని వాని వాదము. శేషప్ప కట్టి వాదము లేదు. అంత్యకాలమున రోగబాధచేఁ దానే మఱచునేమో యని భయపడి, నాఁటికిఁగా నిప్పుడే భజించుచున్నాను వినుమనును. ఒకఁడు దేవుని లాభమును జూపి వేఁడెను. ఒకఁడు తన మతిమఱపును ముందే విన్నవించుకొనెను. యేఁబదియేండ్లు దాఁటిన నాకు రెండవవాని మాటయే యెక్కువగాఁ దగులుచున్నది.