ఒక పదం, ఒక అంకె: రాజ్యాంగ పరిషత్తు చర్చలలో జి. దుర్గాబాయి

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను గురించి తెలుగులో వెలువడిన జీవితచిత్రణలలో రెండు విషయాలు తరచుగా పునరావృతమవుతుంటాయి. మొదటిది, 1923 నాటి కాకినాడ కాంగ్రెస్ సందర్భంలో టిక్కెట్టు లేదన్న కారణంతో నెహ్రూను ప్రదర్శనశాల ద్వారం వద్ద ఆపివేసిన బాలిక కథ. రెండవది, రాజ్యాంగ పరిషత్తులో ఆమె 750 సవరణలు ప్రతిపాదించారన్న లెక్క. మొదటిది ఆమె నిర్భీతికి, రెండవది ఆమె శ్రమకు నిదర్శనాలుగా నిలిచిపోయాయి. అయితే ఆమె సభలో ఏమి వాదించారు, ఆ వాదం రాజ్యాంగ పాఠంలో ఎక్కడ మిగిలింది అన్న ప్రశ్నకు ఈ రెండింటిలో దేనివల్లా సమాధానం దొరకదు.

సవరణల సంఖ్యను ప్రమాణంగా తీసుకోవడంలో ఒక చిక్కు ఉంది. ముసాయిదాపై నోటీసు రూపంలో అందిన సవరణలు సుమారు 7,635 అని, వాటిలో సభలో నిజంగా ప్రవేశపెట్టినవి 2,473 మాత్రమేనని 1949 నవంబరు 25 నాటి ప్రసంగంలో అంబేద్కర్ వెల్లడించారు. అంటే నోటీసు ఇవ్వడం ఒకటి, సభలో ప్రవేశపెట్టడం మరొకటి, సభ చేత ఆమోదింపజేయడం ఇంకొకటి. ఈ మూడింటినీ వేరుచేయకుండా చెప్పిన ఏ సంఖ్య అయినా సభ్యురాలి చురుకుదనాన్ని సూచించగలదే గాని, ఆమె ఆలోచనను సూచించలేదు. దుర్గాబాయి విషయంలో విమర్శ పరిశీలించవలసినది ఆ మూడవ కోవను. అది పరిమాణంలో చిన్నది. దాని బలమూ ఆ చిన్నతనంలోనే ఉంది.

1948 డిసెంబరులో మతస్వాతంత్ర్యానికి సంబంధించిన ముసాయిదా 19వ అధికరణం చర్చకు వచ్చింది. హిందూ ప్రజాధార్మిక సంస్థలలో ప్రవేశం కల్పించే శాసనాలకు ఆ హక్కు అడ్డురాదని చెప్పే ఉపవాక్యం అందులో ఉంది. ముసాయిదా కర్తలు ఆ ప్రవేశాన్ని హిందువులలోని ‘ఏదైనా ఒక తరగతికి లేదా వర్గానికి’ అన్న అర్థం వచ్చేలా రాశారు. ఆ చోట ‘అన్ని తరగతులకు, వర్గాలకు’ అన్న అర్థం వచ్చే మాటలుండాలని దుర్గాబాయి సవరణ ప్రతిపాదించారు. సభ అంగీకరించింది. నేటి 25వ అధికరణం రెండవ ఖండంలో ఉన్నది ఈ మాటే.

పైకి ఇది భాషాసంస్కరణ వలె కనిపిస్తుంది. కానీ ముసాయిదాలోని మాట ప్రకారం ఒక ప్రభుత్వం ఒక కులానికి తలుపు తెరిచి, మరొక కులం ముందు దానిని మూసి ఉంచినా, అది రాజ్యాంగం అనుమతించిన సంస్కరణే అని వాదించడానికి చోటుండేది. కొత్త మాట ఆ చోటును మూసివేసింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ శాసనం అప్పటికి ఏడాది క్రితమే, 1947లో, వచ్చింది. ఆ రాష్ట్రం నుంచి ఎన్నికైన న్యాయవాదికి శాసనంలోని ఒక సర్వనామం కోర్టులో ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలియనిది కాదు. తరువాత జరిగినదీ అదే. మూల్కీలోని వేంకటరమణాలయం గౌడ సారస్వత బ్రాహ్మణ శాఖకు చెందినదని, ఇతరుల ప్రవేశాన్ని నిర్ణయించుకొనే హక్కు తమదేనని ధర్మకర్తలు వాదించిన దేవరు కేసులో, శాఖాలయాలు కూడా ఈ ఉపవాక్యం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2018 శబరిమల తీర్పులో ‘తరగతులు, వర్గాలు’ అన్న మాటలలో స్త్రీలు చేరతారా అన్న విషయమై న్యాయమూర్తుల మధ్య భేదాభిప్రాయం వ్యక్తమయింది. అయితే ఈ సవరణ స్వయంగా ఏ ఆలయాన్నీ తెరవలేదన్నది గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం తెరవదలచుకుంటే అడ్డు తొలగించింది, అంతే. ‘దుర్గాబాయి ఆలయప్రవేశం సాధించారు’ అనే స్తుతివాక్యాలు ఈ తేడాను విస్మరిస్తాయి.

రెండవ ఉదాహరణ అంకెకు సంబంధించినది. 1949 మే నెలలో పార్లమెంటు సభ్యుల అర్హతల అధికరణం వచ్చినపుడు ఎగువసభకు కనీస వయస్సు 35 ఏళ్ళని ప్రతిపాదన ఉంది. దానిని 30కి తగ్గించాలని దుర్గాబాయి సవరణ తెచ్చారు. వయస్సు పెరిగినకొద్దీ వివేకం పెరుగుతుందన్న నమ్మకం కొత్త కాలానికి చెల్లదని, నేటి యువతీయువకులు బాధ్యతను ముందుగానే గుర్తెరుగుతున్నారని ఆమె వాదం. అప్పటికి ఆమెకు 39 ఏళ్ళు. తన ప్రవేశానికి ఏ అడ్డూ లేని సభ్యురాలు తన తరువాతి వారి కోసం ఈ అంకెను మార్పించారు. నేటికీ 84వ అధికరణంలో ఉన్నది 30.

ప్రాథమిక హక్కుల రక్షణకై సుప్రీంకోర్టును ఆశ్రయించే హక్కు తక్కిన హక్కులన్నింటికీ ఆధారమని ఆమె చేసిన ప్రసంగం కూడా ఈ న్యాయవాద దృష్టికి కొనసాగింపే.

1949 సెప్టెంబరు నాటి భాషాచర్చలో వినిపించే స్వరం వేరు. అక్కడ పదాన్ని తూచే న్యాయవాది వెనక్కి తగ్గి, అనుభవం నుంచి మాట్లాడే మనిషి ముందుకు వస్తారు. బాల్యంలో హిందీ నేర్చి, స్త్రీలకు హిందీ పాఠశాల నడిపిన వ్యక్తి ఆమె. దక్షిణాదిన స్వచ్ఛందంగా సాగిన ఆ కృషిని గుర్తుచేస్తూ, హిందీవాదుల అత్యుత్సాహం తన వంటి హిందీ అభిమానులనే దూరం చేస్తుందని హెచ్చరించారు. హిందుస్తానీ పక్షాన నిలిచారు. హిందీ వ్యతిరేకులు ఇచ్చిన హెచ్చరిక కన్న దీనికి బరువెక్కువ. సభలో ఆమె ప్రసంగాలన్నింటిలోకీ ఇదే ఉత్తమమైనదని చెప్పవచ్చు.

ఆమె అంచనాలన్నీ నిలిచాయని కాదు. గవర్నరును ప్రజలు ఎన్నుకోవాలన్న తొలి ఆలోచనను విడిచి, రాష్ట్రపతి నియమించాలన్న మార్పు వచ్చినపుడు ఆమె నియామకాన్నే సమర్థించారు. గవర్నరు పార్టీలకు, ముఠాలకు అతీతంగా ఉండి సామరస్యం నెలకొల్పుతాడన్నది ఆమె విశ్వాసం. పదాల విషయంలో అంత అనుమానంతో వ్యవహరించిన సభ్యురాలు ఇక్కడ పదవిని పూర్తిగా వ్యక్తి సత్ప్రవర్తనకు వదిలివేయడం ఆశ్చర్యకరం. ‘ఏదైనా ఒక వర్గం’ అన్న మాట దుర్వినియోగం కాగలదని ఊహించిన దృష్టి, నియమించే అధికారం కూడా అలాగే కాగలదని ఊహించలేదు. ఆమె మరణించిన మూడేళ్ళకు, 1984 ఆగస్టులో, ఆమె సొంత రాష్ట్రంలోనే గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు.

సభాప్రసంగాలకు అవతల మరొక భాగం ఉంది. ఆమె నిబంధనల కమిటీలోను, స్టీరింగ్ కమిటీలోను సభ్యురాలు. సభ ఏ క్రమంలో మాట్లాడాలో మొదటిది నిర్ణయించగా, రోజువారీ కార్యక్రమం రెండవదాని చేతిలో ఉండేది. సభలో ఆమె సవరణలు క్లుప్తంగా, విధాన నియమాలకు ఒదిగి ఉండడానికీ ఈ అనుభవానికీ సంబంధం ఉందని ఊహించడం అసంగతం కాదు. సభాచర్చలు మాటమాటగా అచ్చయ్యాయి; కమిటీల చర్చలు అలా అచ్చు కాలేదు. వాటికి బి. శివరావు సంకలనపరచిన పత్రాల సంపుటాలను ఆశ్రయించాలి. తెలుగులో దుర్గాబాయిపై వచ్చిన రచనలు ఎక్కువగా ఆమె ఆత్మకథనం మీద, ఆంధ్ర మహిళా సభ చరిత్ర మీద ఆధారపడినవే.

అన్వేషకులు గమనించవలసిన చిన్న విషయం మరొకటి. చర్చల సంపుటాలలో ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్’ అన్న పేరు దొరకదు. అక్కడ ఆమె ‘శ్రీమతి జి. దుర్గాబాయి’. హిందూ కోడ్ బిల్లును సమర్థించిన తాత్కాలిక పార్లమెంటులోనూ అదే పేరు. 1952 ఎన్నికలలో రాజమండ్రి నుంచి లోక్‌సభకు పోటీచేసి ఆమె ఓడిపోయారు. మరుసటి సంవత్సరం జనవరిలో చింతామణి దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగింది. నేడు ప్రసిద్ధమైన పేరు ఆమెకు వచ్చేనాటికి సభలో ఆమె స్థానం లేదు.