వైద్యవిద్యలో లింగవైవిధ్యం – పాఠ్యప్రణాళిక భాష: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైద్యకళాశాలల్లో ఎల్.జి.బి.టి.క్యూ. అంశాల బోధనపై మన దేశంలో జరిగిన చర్చ ఎక్కువగా చట్టం, వైద్యనీతి పరిధుల్లో సాగింది. ఈ వ్యాసం ఆ బోధనను భాషాసమస్యగా పరిశీలిస్తుంది. ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో 2019 నుంచి 2024 వరకు వచ్చిన మార్పులను, స్టాన్‌ఫర్డ్ వైద్యవిద్యార్థుల అధ్యయనాన్ని ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది. పాఠ్యాంశాల్లో పదాలను మార్చడం అవసరమే అయినా అది చాలదని, రోగిని అడిగే ప్రశ్న తెలుగులో రూపొందవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైద్యవిద్య, లింగవైవిధ్యం, పాఠ్యప్రణాళిక, పదజాలం, రోగచరిత్ర, విద్యార్థి కృషి

1. ఉపోద్ఘాతం

తెలుగు రాష్ట్రాల్లో వైద్యవిద్యార్థి చదువు రెండు భాషల మధ్య నడుస్తుంది. పాఠం వినేది, పరీక్ష రాసేది ఇంగ్లీషులో. ఓ.పి.లో రోగితో మాట్లాడేది మాత్రం తెలుగులో, కొన్నిచోట్ల ఉర్దూలో. పుస్తకంలోని మాట రోగి దగ్గరకు చేరేసరికి మరో భాషలోకి మారుతుంది. ఈ మార్పు ఎలా జరగాలో పాఠ్యపుస్తకం చెప్పదు. కాబట్టి విద్యార్థి తన ఇంట్లో, వీధిలో, సినిమాల్లో విన్న మాటలనే వాడుకోవలసి వస్తుంది. జ్వరం, దగ్గు వంటి విషయాల్లో దీనివల్ల పెద్ద చిక్కు లేదు. లైంగికత, లింగభావన విషయంలో ఇల్లూ వీధీ సినిమా ఇచ్చిన మాటల్లో ఎక్కువ భాగం ఎగతాళివే. అందువల్ల ఈ సమస్య వైద్యులకు మాత్రమే పరిమితమైనది కాదు. తెలుగు చదివినవారు కూడా పట్టించుకోవలసినది.

2. పాఠ్యప్రణాళిక – మూడు పాఠాంతరాలు

ఒక కావ్యానికి దొరికిన ప్రతులను పరిష్కర్త పక్కపక్కన పెట్టి చూసినట్లు, ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యప్రణాళికను కూడా పాఠాంతరాలుగా చదవవచ్చు.

మొదటిది 2019లో అమలుకు వచ్చిన పాఠం. ఇందులో ‘అసహజ లైంగిక నేరాలు’ అనే శీర్షిక కింద సోడమీ, లెస్బియనిజం, జంతుసంభోగం ఒకే వరుసలో ఉన్నాయి. ఈ వరుసలోనే ఒక తర్కదోషం ఉంది. మిగిలినవి చర్యల పేర్లు కాగా, ‘లెస్బియనిజం’ ఒక వ్యక్తి స్వభావానికి పేరు. స్వభావాన్ని నేరాల పట్టికలో చేర్చినప్పుడు మనిషి ఉనికే నేరమైపోతుంది. పరస్పర సమ్మతితో సాగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు నవతేజ్ సింగ్ జోహార్ కేసులో తీర్పు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. అంటే తీర్పు తర్వాతి సంవత్సరం అమలైన పాఠంలోనూ పాత నేరం కొనసాగింది.

రెండవ పాఠం 2022 నాటిది. దీని వెనుక న్యాయస్థానాల జోక్యం ఉంది. పరస్పరం ప్రేమించుకొని ఇల్లు విడిచిన ఇద్దరు యువతులు రక్షణ కోరిన ఎస్. సుష్మ కేసు మద్రాసు హైకోర్టులో విచారణకు వచ్చింది. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఈ విషయంలో తనకున్న అవగాహన చాలదని భావించి, తీర్పుకు ముందు మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చొని నేర్చుకున్నారు. 2021 జూన్‌లో వెలువరించిన ఉత్తర్వులో ఆ సంగతిని దాచలేదు. అదే ఏడాది కేరళ హైకోర్టులో క్వీరిథమ్, దిశ అనే సంస్థలు వైద్య పాఠ్యపుస్తకాలలోని అవమానకరమైన రాతలను ప్రశ్నించాయి. అక్టోబరులో జాతీయ వైద్య కమిషన్ కళాశాలలకు, రచయితలకు హెచ్చరిక జారీచేసింది. 2022లో పాఠ్యాంశాలను సవరించింది.

మూడవ పాఠం 2024 ఆగస్టు 31న వచ్చింది. సోడమీ, లెస్బియనిజం మళ్లీ ‘అసహజ నేరాలు’గా ప్రత్యక్షమయ్యాయి. ఆ సంవత్సరం జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377వ సెక్షనుకు సమానమైన నిబంధనే లేదు. చట్టంలో లేని నేరం పాఠంలో నిలిచింది. వైద్యులు, హక్కుల కార్యకర్తలు నిరసించడంతో సెప్టెంబరు 5న కమిషన్ ఆ పత్రాన్ని ఉపసంహరించుకొని, వారంలో సవరించిన ప్రతిని విడుదల చేసింది.

ఈ మూడు పాఠాలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 2022లో మాటలు మారాయి కాని వాటి వెనుక ఉన్న దృష్టి వ్యవస్థలో నాటుకోలేదు. నాటుకొని ఉంటే పాత ప్రతి రెండేళ్లలో తిరిగివచ్చే అవకాశం ఉండేది కాదు. దీని భారం మోసినవారు విద్యార్థులు. తరగతిలో కూర్చున్న స్వలింగ ఆకర్షణ గల విద్యార్థి, తనను నేరంగా నిర్వచించే జవాబును తన చేతితో రాసి మార్కులు తెచ్చుకోవలసి వచ్చింది.

3. గంటలు లెక్కపెట్టిన విద్యార్థులు

విద్యార్థులే పాఠాన్ని పరీక్షించిన సందర్భం ఒకటి ఇక్కడ పోల్చదగినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యవిద్యార్థులు 2007లో ఒక పరిశోధన బృందంగా ఏర్పడ్డారు. తమకు ఈ విషయాలు సరిగా బోధించడం లేదన్న అసంతృప్తిని వారు ఫిర్యాదుగా వదిలేయక, కొలవదగిన ప్రశ్నగా మార్చారు. అమెరికా, కెనడాలలోని 176 వైద్యకళాశాలల డీన్‌లకు ప్రశ్నావళి పంపారు. పూర్తి వివరాలిచ్చిన 132 కళాశాలల్లో, మొత్తం కోర్సులో ఈ విషయాలకు కేటాయించిన కాలపు మధ్యగతం 5 గంటలు. 44 కళాశాలల్లో రోగుల మధ్య గడిపే సంవత్సరాల్లో ఒక్క గంట కూడా లేదు. ఈ ఫలితాలు 2011లో ‘జామా’ పత్రికలో వెలువడ్డాయి.

అదే అధ్యయనంలో మరో అంశం మన చర్చకు కీలకం. లైంగిక చరిత్ర తీసుకునేటప్పుడు, సంబంధం పురుషులతోనా, స్త్రీలతోనా, ఇద్దరితోనూనా అని అడగడం నేర్పుతున్నామని 128 కళాశాలలు చెప్పాయి. ప్రశ్న అడగడం దాదాపు అందరూ నేర్పుతున్నారు. జవాబు విన్న తర్వాత ఏం చేయాలో నేర్పే వ్యవధి మాత్రం లేదు. అక్కడి లోటు ప్రశ్న తర్వాత మొదలైతే, మన లోటు ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

4. ‘పెళ్లయిందా?’

మన ఓ.పి.లో లైంగిక చరిత్రకు బదులుగా వినిపించే ప్రశ్న ‘పెళ్లయిందా?’ అన్నదే. ఇది మర్యాద కోసం ఏర్పడిన పరోక్ష ప్రయోగం. ‘లేదు’ అంటే సంబంధాలేవీ లేవని, ‘అయింది’ అంటే జీవితభాగస్వామితో మాత్రమే ఉన్నాయని కేస్‌షీటు అర్థం చేసుకుంటుంది. పెళ్లి కాని యువకుడికి మరో పురుషుడితో సంబంధం ఉండవచ్చు. పెళ్లయిన పురుషుడికీ ఉండవచ్చు. ట్రాన్స్ మహిళ ఈ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా అబద్ధమో అవమానమో అవుతుంది. ప్రశ్నే దారి మూసినప్పుడు చేయవలసిన పరీక్ష జరగదు, ఇవ్వవలసిన సలహా అందదు. రోగి అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పడానికి వీలైన వాక్యాన్ని వైద్యుడు ఇవ్వలేదు.

నేరుగా అడిగితే రోగులు నొచ్చుకుంటారన్న అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. అయితే నొప్పించేది విషయమా, అడిగే తీరా అన్నది విచారించాలి. ‘ఇది అందరినీ అడిగే ప్రశ్నే, మీరు చెప్పింది మన మధ్యే ఉంటుంది’ అని ముందుగా చెప్పి, పక్కనున్న బంధువులను కాసేపు బయట కూర్చోమని, ఆ తర్వాత ‘మీకు ఎవరితోనైనా శారీరక సంబంధం ఉందా? ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా?’ అని అడిగితే మర్యాద చెడదు. ఈ వాక్యాలను విద్యార్థి సొంతంగా కనిపెట్టుకోవలసిన అవసరం ఉండకూడదు. అవి పాఠంలో ఉండాలి.

5. తెలుగు పదజాలం

పత్రికల్లో స్థిరపడిన ‘స్వలింగ సంపర్కులు’ అనే మాట మనిషిని ఒక చర్యకు కుదిస్తుంది. ‘స్వలింగ ఆకర్షణ’ అనేది భావాన్ని సూచిస్తుంది కనుక వైద్యసందర్భానికి అదే తగినది. ‘నపుంసకుడు’ అనే పదం వెనుక చట్టపు చరిత్ర కూడా ఉంది. నిజాం పాలనలో వచ్చిన 1919 నాటి నపుంసకుల చట్టం, వైద్యపరీక్షలో పుంస్త్వం లేదని తేలినవారినీ ఆ నిర్వచనంలోకి తెచ్చింది. తెలంగాణ హైకోర్టు 2023లో ఆ చట్టాన్ని రాజ్యాంగవిరుద్ధంగా ప్రకటించింది. వైద్యుడి చూపు ఒకప్పుడు పోలీసు రిజిస్టరుకు సాక్ష్యమైందన్న సంగతి వైద్యవిద్యార్థి తెలుసుకోవాలి. ‘అసహజం’ అన్న మాటా పరిశీలించదగినదే. కామసూత్రం ఇలాంటివారిని ‘తృతీయా ప్రకృతి’ అన్నది, ప్రకృతికి వెలుపల నిలపలేదు.

తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు చొరవతో 2022లో గౌరవప్రదమైన పదసూచికను ప్రకటించింది. అక్కడ ‘తిరునంగై’, ‘తిరునంబి’ వంటి పదాలను ఆ సముదాయమే వాడుకలోకి తెచ్చుకుంది. తెలుగులో పదాలు నిర్ణయించేటప్పుడూ పండితుల కంటే ముందు ఆ పేర్లతో పిలిపించుకునేవారిని అడగాలి.

6. ముగింపు

2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరారు. ఇన్నాళ్లూ రోగిగానో పాఠ్యాంశంగానో మాత్రమే చూసిన మనిషి వైద్యుడి కుర్చీలో కూర్చున్న సందర్భమిది. వైద్యవిద్యను సమీక్షించాలని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షను కూడా చెప్పింది.

ఈ పనిలో తెలుగు అధ్యాపకులకు స్థానం ఉంది. ఎం.బి.బి.ఎస్. తొలి రోజుల ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష ఒక భాగం. ఆ గంటలను అక్షరాలకూ అంకెలకూ పరిమితం చేయకుండా, రోగితో ఎలా మాట్లాడాలో నేర్పడానికి వాడుకోవచ్చు. తమిళ ట్రాన్స్ రచయిత్రి ఎ. రేవతి స్వీయచరిత్రకు పి. సత్యవతి చేసిన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అనువాదం 2019 సంవత్సరానికి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం పొందింది. ఈ జీవితాన్ని లోపలి నుంచి తెలుగులో చెప్పిన ఆ గ్రంథం అలాంటి తరగతికి తగిన వాచకం. పాఠ్యప్రణాళికలో ఒక పదాన్ని తొలగించవచ్చు, 2024లో జరిగినట్లు అది మళ్లీ రావచ్చు కూడా. రోగిని గౌరవంగా అడగడం నేర్చుకున్న విద్యార్థి నుంచి మాత్రం ఆ ప్రశ్నను ఏ ఉత్తర్వూ వెనక్కి తీసుకోలేదు.