కృష్ణదేవిపేట పాఠం, చీరాల పాఠం

అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మన అనకాపల్లి జిల్లాలో, గొలుగొండ మండలంలో ఉంది. ఆ ఊరి పేరు వినగానే అందరికీ 1922 ఆగస్టు గుర్తుకొస్తుంది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు పోలీసు ఠాణాల మీద దాడి. అంతకు ముందటి ఏడాది ఇదే మనిషి ఇదే మన్యంలో చేసిన పని మాత్రం చాలామందికి గుర్తురాదు. 1921లో ఆయన ఖద్దరు కట్టి కొండ ఊళ్ల వెంట తిరిగాడు. తాగుడు మానమన్నాడు. తగవులొస్తే కోర్టు మెట్లెక్కకుండా పంచాయతీలో తీర్చుకోమన్నాడు. గాంధీ సహాయ నిరాకరణ పిలుపును మన్యం విన్నది ప్రధానంగా ఆయన నోటనే.

సరిగ్గా అదే ఏడాది చీరాల, పేరాల జనం కూడా అదే పిలుపు విన్నారు. అక్కడ చెప్పినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఒకే ఉద్యమం, ఒకే కాలం. ఒకచోట జనం ఊరే ఖాళీ చేసి పాకల్లోకి వెళ్లిపోయారు. ఇంకోచోట ఏడాది తిరిగేసరికి తుపాకులు పట్టారు. ఈ తేడాకు మనం మామూలుగా ఇచ్చుకునే జవాబు మనుషుల స్వభావం: ఒకరు శాంతమూర్తులు, మరొకరు వీరులు. ఈ జవాబు ఇద్దరికీ అన్యాయం చేస్తుంది. అహింసా పోరాటం మంచితనం ఉంటే దానంతటదే అబ్బేది కాదు, నేర్చుకుంటే వచ్చే విద్య. కాబట్టి ఏ ఊరు ఏం నేర్చుకుంది, నేర్చుకున్నది దాని కష్టానికి సరిపోయిందా అని చూడాలి. ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టేది అందుకే.

చీరాల: కష్టానికి తగిన ఆయుధం

చీరాల, పేరాల గ్రామాలను కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. యూనియన్ అనే చిన్న స్థానిక సంస్థగా ఉన్నప్పుడు ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను భారం మున్సిపాలిటీ అయ్యాక నలభై వేలకు పెరిగే పరిస్థితి వచ్చింది. జనం మొదట అర్జీలు పెట్టారు. తర్వాత పన్ను కట్టేది లేదన్నారు. కొందరు జైలుకు వెళ్లారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉంది.

1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చూపించాడు. పన్ను కట్టకుండా, చెయ్యెత్తకుండా, వచ్చిన శిక్షనల్లా భరించడం ఒకటి. మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. గోపాలకృష్ణయ్య రెండోది ఎంచుకున్నాడు. సుమారు పదిహేను వేల జనాభాలో పదమూడు వేలకు పైగా ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు పెట్టారు. ఎండలకూ వానలకూ ఓర్చి పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఇక్కడ మెచ్చుకోవలసింది త్యాగాన్ని మాత్రమే కాదు, గురిని కూడా. మున్సిపాలిటీ నిలిచేది పన్ను మీద, పన్ను కట్టే జనం మీద. జనమే లేకపోతే మున్సిపాలిటీకి హద్దురాళ్లు మిగులుతాయి. ప్రభుత్వానికి తమ దగ్గర కావలసింది ఏమిటో చీరాల వాళ్లు కనిపెట్టి సరిగ్గా దాన్నే వెనక్కి తీసుకున్నారు. పైగా ఈ పని చెయ్యడానికి వాళ్లకు ముందే అలవాటైన చేతులున్నాయి. గోపాలకృష్ణయ్య కట్టిన రామదండు వలంటీర్లు అదే ఏడాది విజయవాడ అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశంలో జనసందోహాన్ని నడిపించినవాళ్లు. వేల కుటుంబాలను కదిలించడానికి ఆవేశం చాలదు. పాకలు వెయ్యాలి, నీళ్లు చూడాలి, తగవులు తీర్చాలి. ఆ పనులు తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టే అది పదకొండు నెలలు నిలిచింది.

కృష్ణదేవిపేట: పాఠం ఒకటి, కష్టం మరొకటి

మన్యం కష్టాలు వేరు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు సాగుకు అడ్డుపడింది. తరతరాలుగా ముఠాలనే కొండ ఊళ్ల సముదాయాలను ఏలిన ముఠాదారుల అధికారం కుదించుకుపోయింది. వీటన్నిటికీ పైన వెట్టి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు వెయ్యడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనంతో బలవంతంగా పనిచేయించాడు. రామరాజుకు అండగా నిలిచిన గాం గంటందొర, మల్లుదొర సోదరుల కోపం ఈ పాలన మీదే.

ఇప్పుడు 1921 పాఠాన్ని ఈ కష్టాల పక్కన పెట్టి చూడండి. కోర్టులను బహిష్కరించమంది. కానీ కోర్టుల నిండా మన్యం కేసులు లేవు, మన్యాన్ని పిండింది కోర్టు కాదు. తాగుడు మానమంది. అది ఒంటికీ ఇంటికీ మేలు చేసే మాటే. కానీ కొండ మీద కల్లుకు వేరే చరిత్ర ఉంది. 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి చిగురుపన్ను, అంటే కల్లుగీత మీద వేసిన పన్ను. తమ చెట్టు కల్లు మీద తమ హక్కు కోసం తాతలు పోరాడిన చోట, మనవలను ఆ కల్లు వదిలెయ్యమన్నారు. ఎవరికి సహకారం మానెయ్యాలో చెప్పలేదు. రోడ్డు పనికి ఊరు మొత్తం ఎలా రాకుండా ఉండాలి, పట్టుకుపోయినవాళ్ల ఇళ్లను మిగతావాళ్లు ఎలా పోషించాలి, అటవీ ఉద్యోగికి ఊళ్లో నీళ్లూ నిప్పూ ఎలా ఆపాలి అనే పాఠం మన్యానికి ఎవరూ చెప్పలేదు.

మైదాన పట్టణాల కోసం తయారైన పాఠం కొండెక్కింది. కొండ కష్టం నుంచి పుట్టిన పాఠం రాలేదు. లోపం కొండజనం ఓర్పులో లేదు, రామరాజు నిష్ఠలోనూ లేదు. మైదానంలోని కాంగ్రెస్ నాయకత్వం మన్యానికి తన వలంటీర్లను పంపి, అక్కడి వెట్టిని తన సమస్యగా తీసుకుని ఉంటే ఏమయ్యేదో చరిత్ర మనకు చూపించలేదు. చౌరీచౌరాలో హింస జరిగిన తర్వాత 1922 ఫిబ్రవరిలో గాంధీ ఉద్యమాన్నే ఆపేశాడు. బడి మూతపడింది, వెట్టి మాత్రం నడుస్తూనే ఉంది. ఆరు నెలలకు చింతపల్లి ఠాణా మీద దాడి జరిగింది.

ఆ మొదటి పాఠం పూర్తిగా పోలేదని చెప్పే గుర్తు ఒకటి తిరుగుబాటులోనే ఉంది. రామరాజు దళం భారతీయ పోలీసుల ప్రాణం తియ్యకూడదన్న నియమం పెట్టుకుంది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులను కాల్చారు. చంపడం చంపడమే, అందులో వాదన లేదు. కానీ ఎదుటివాళ్లందరినీ ఒకే శత్రువుగా చూడకూడదన్న వివేకం ఆ చేతుల్లో తుపాకి ఉన్నప్పుడు కూడా మిగిలింది. అంత నిగ్రహం ఉన్న మనుషులకు అహింసా యుద్ధం చేతకాదనడం తప్పు. వాళ్లకు దాన్ని సగమే నేర్పారు.

ఇద్దరికీ తెగిన చోటు

చీరాల గురి సరైనదే అయినా చీరాల గెలవలేదు. నిధుల కోసం తిరుగుతూ గోపాలకృష్ణయ్య బరంపురం వెళ్లాడు. అక్కడ మాట్లాడకూడదన్న ఆంక్షను ధిక్కరించి అరెస్టయ్యాడు, ఏడాది జైలు పడింది. నాయకుడు తిరుచిరాపల్లి జైల్లో, జనం పాకల్లో. డబ్బు లేదు, ముందుండి నడిపే మనిషి లేడు. చివరికి జనం ఇళ్లకు తిరిగొచ్చారు, మున్సిపాలిటీ నిలిచింది. 1924 మే 7న రామరాజు చనిపోయాక మన్యం పోరాటం కూడా అలాగే చెదిరిపోయింది. ఆయుధాలు వేరైనా రెండు పోరాటాల బలహీనత ఒకటే. విద్య అంతా గురువు దగ్గరే ఉండిపోయింది. శిష్యులు అనుసరించారు తప్ప గురువులు కాలేదు.

సరైన గురి ఒక్కటే రక్ష అని చెప్పడానికీ లేదు. అదే కాలంలో పల్నాడు రైతులు పుల్లరి అనే మేతపన్ను కట్టబోమని, అటవీ ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించి మన్యానికి దగ్గరి కష్టం మీదే అహింసా పోరాటం చేశారు. 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు ప్రాణాలు వదిలాడు. అహింసకు దిగినవాడి మీద తుపాకి పేలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పేలినా పని ఆగకుండా ఉండేలా ముందే కట్టుకోవడం కూడా నేర్చుకోవలసిన పాఠాల్లో ఒకటి.

ఆ పాఠాన్ని పద్ధతిగా నేర్పినవాడు అమెరికన్ జేమ్స్ లాసన్. 1950లలో నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతులు చదువుకున్నాడు. తిరిగి వెళ్లి 1959లో నాష్‌విల్ నగరంలో నల్లజాతి విద్యార్థులకు తరగతులు పెట్టాడు. కొందరు తెల్లవాళ్లుగా నటించి తిట్టేవాళ్లు, తోసేవాళ్లు. మిగతావాళ్లు చెయ్యెత్తకుండా కూర్చోవడం, తలను కాపాడుకోవడం, పక్కవాడికి అడ్డుపడటం సాధన చేశారు. 1960 ఫిబ్రవరిలో తెల్లవాళ్లకే పరిమితమైన భోజన కౌంటర్ల దగ్గర కూర్చున్నారు. ఒక జట్టును పోలీసులు పట్టుకుపోతే ఆ కుర్చీల్లో ఇంకో జట్టు కూర్చుంది. మే నెలకల్లా నగరంలో ఆ కౌంటర్లు అందరికీ తెరుచుకోవడం మొదలైంది. బరంపురం అరెస్టుతో చీరాలలో తెగిన తాడు ఇక్కడ తెగకుండా నిలిచింది సాధన వల్లనే.

దూబగుంట: అదే తాగుడు, వేరే గురి

మన నేల మీద ఈ విద్య పూర్తిగా పండింది 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో. కృష్ణదేవిపేటతో పోల్చడానికి దీనికంటే దగ్గరి ఉదాహరణ దొరకదు, ఎందుకంటే రెండుచోట్లా విషయం తాగుడే. దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ చదివారు. ఊళ్లో సారా ఆపించిన ఆడవాళ్ల కథ అది. చదివినవాళ్లు తమ ఊరి సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరూ కదిలింది.

1921లో మాట తాగేవాడితో: నువ్వు మానెయ్యి. 1992లో మాట అమ్మేవాడితో, అమ్మించేవాడితో: నీ వేలంపాట సాగనివ్వం. ఆడవాళ్లు సారా వేలంపాటలను అడ్డుకున్నారు, పాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. ఎక్సైజు రాబడి ప్రభుత్వానికి ఎంత అవసరమో కనిపెట్టి అక్కడే చెయ్యి పెట్టారు. చీరాల వాళ్లు పన్ను విషయంలో చేసిన పనే ఇది. చీరాలలో లేని బలం కూడా ఇక్కడుంది. ఏ ఊరి పోరాటం ఆ ఊరి ఆడవాళ్లదే, కాబట్టి ఒకరిని జైల్లో పెడితే ఆగిపోయే పని కాదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. గెలుపును కాపాడుకునే విద్య మనకు ఇంకా అందలేదనడానికి ఆ సడలింపు సాక్ష్యం.

ఇవాళ్టి అనకాపల్లికి

ఈ పోలిక పాత లెక్కలు తేల్చడానికి కాదు. 2025లో మన జిల్లా తీరంలోనే, నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ దీక్షకు కూర్చున్నారు, జాతీయ రహదారి మీదకు వచ్చారు. రేపు ఇంకో ఊరు ఇంకో కష్టంతో కూర్చుంటుంది. ప్రతి ఊరూ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టవలసి వస్తోంది, ఎందుకంటే ముందటి ఊరు నేర్చుకున్నది రాసిపెట్టి అందించినవాళ్లు లేరు.

రాసిపెడితే అందులో ఉండవలసినవి మూడు పాఠాలు. కష్టం ఎవరి ఏ అవసరం మీద నిలబడిందో ముందు తెలుసుకోవాలి, ఆ అవసరాన్నే మన చేతిలోంచి వెనక్కి తీసుకోవాలి. ఇది చీరాలకు అబ్బిన పాఠం, కృష్ణదేవిపేటకు అందని పాఠం. నాయకుడు జైలుకెళ్లిన మర్నాడు పని ఎవరు నడపాలో, పొయ్యి ఎవరు వెలిగించాలో ముందే ఒప్పుకోవాలి. ఇది రెండు ఊళ్లూ తప్పిన పాఠం. దెబ్బ పడే క్షణానికి ముందే దెబ్బను తట్టుకోవడం కలిసి సాధన చెయ్యాలి. ఇది నాష్‌విల్ పిల్లలు నాగపూర్ దారిన మనకే తిరిగి ఇచ్చిన పాఠం.

గాం మల్లుదొర అండమాన్ జైలు చూసి తిరిగొచ్చాడు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. తుపాకి పట్టినవాడు ఓటు పట్టుకోగలిగాడు, ఓటు అందుబాటులోకి వచ్చింది కాబట్టి. మనిషి చేతికి ఏ పనిముట్టు అందిస్తే దాన్నే వాడతాడు. ఏటా జయంతికి, వర్ధంతికి కృష్ణదేవిపేట వచ్చి పూలమాల వేసే పెద్దలు ఈ మాట పట్టించుకోవాలి. 1922 గురించి ఉపన్యాసాలు చాలు. 1921లో సగంలో ఆగిన పాఠాన్ని ఆ ఊళ్లోనే, కొండ పిల్లలకు, వాళ్ల కష్టాల మీదే పూర్తిగా నేర్పే ఒక బడి పెట్టడం రామరాజుకు నిజంగా చెయ్యవలసిన గౌరవం.