గొంతెత్తని హాస్యము

ఇంగ్లండు తూర్పుతీరమున, సఫోక్ మండలమున, ఒకవైపు సముద్రమును మఱియొకవైపు నదియు ఆవరింపగా ద్వీపమువలె మిగిలిపోయిన హార్డ్‌బరో అను కల్పితపట్టణములో, 1959వ సంవత్సరమున, ఫ్లారెన్స్ గ్రీన్ అను నడివయస్సు వితంతువొకతె పుస్తకముల దుకాణము తెఱువ సంకల్పించును, తెఱచును, కొలదికాలమునకే ఆ ఊరు, ఒక్క పరుషవాక్యమైన పలుకకుండ, ఆమెను వెడలగొట్టును. పెనలోపి ఫిట్జ్‌జెరాల్డ్ 1978లో ప్రకటించిన ‘ది బుక్‌షాప్’ నవలకు కథ యింతే. ఇందు నవ్వుట కేమున్నదని మీరడుగవచ్చును. చదువుచున్నంతసేపును నవ్వు వచ్చుచునే యుండును; ముగించిన పిదప, నవ్వినందులకు కొంత సిగ్గును కలుగును. ఈ రెంటిని ఒకే వాక్యమునుండి పుట్టించు విద్య యెట్టిదో తెలిసికొనగోరియే, వారమువారము వ్రాసి బ్రదుకు నాబోటివాడు ఈ చిన్నపొత్తమును మరలమరల తిరుగవేయుచుండును.

హాస్యము ఫిట్జ్‌జెరాల్డ్‌కు పుట్టింటి సొత్తు. తండ్రి ఎడ్మండ్ నాక్స్ ‘పంచ్’ పత్రికకు సంపాదకుడు. అయినను తొలినవల వెలువడునప్పటికి ఆమెకు అఱువది యేండ్లు నిండినవి. అంతకు పూర్వము, 1950ల చివర, సఫోక్ తీరమునందలి సౌత్‌వోల్డ్‌లో కాపురముండి, అచ్చటి పుస్తకముల దుకాణమున పని చేసినది. కావుననే కాబోలు, నవలలోని దుకాణపు సంగతులలో ఎచ్చటను కల్పనావాసన తగులదు. చందాదారులకు పుస్తకములు అద్దెకిచ్చు ప్రకరణము చూడుడు. పంపువారు వానిని మూడు తరగతులుగా విభజింతురు: అందఱును కోరునవి, ఎవరైనను ఓర్చుకొనునవి, ఎవ్వరికిని అక్కఱలేనివి. మొదటి తరగతి గ్రంథమొకటి కావలెనన్న, తక్కిన తరగతుల బరువును మోయక తప్పదు. ఊరివారందఱును మేరీ రాణి జీవితచరిత్రకై వరుసకట్టగా, తనకంటె ముందెవరున్నారో చూడబోయి ఆ వరుసక్రమమును తాఱుమాఱు చేసిన ఊరి పెద్దావిడ శ్రీమతి గామార్ట్ వ్రేళ్లపై, దుకాణమున సాయముచేయు పదేండ్ల బాలిక క్రిస్టీన్ చుఱుక్కున కొట్టును. గ్రంథమంతటను ఆ పెద్దావిడకు తగిలిన దెబ్బ యిదొక్కటే!

ఈ శ్రీమతి గామార్ట్, ఏండ్లతరబడి పాడుపడియున్న ‘ఓల్డ్ హౌస్’ అను ఇంటిని ఫ్లారెన్స్ కొని దుకాణము పెట్టువఱకును దానివంక చూడనిది, అటుపిమ్మట అది కళాకేంద్రముగా నుండదగినదని హఠాత్తుగా కనుగొనును. ఆమె యెన్నడును కోపింపదు, బెదరింపదు. విందుకు పిలుచును, చిఱునవ్వు నవ్వును, న్యాయవాదిచే ఉత్తరము వ్రాయించును. ఫ్లారెన్స్ ‘లొలిటా’ నవల ప్రతులు 250 తెప్పించి గవాక్షమున ప్రదర్శించినప్పుడు గుమిగూడిన జనము దారి కడ్డమగుచున్నారని ఫిర్యాదు. ఆపై పార్లమెంటు సభ్యుడైన మేనల్లుని ద్వారా, ఇట్టి భవనములను నిర్బంధముగా స్వాధీనము చేసికొనుటకు వలయు శాసనము. ఆ యింట దయ్యమొకటి కలదు. తలుపులు తట్టును, గోడలు బాదును, ఊరివారు దానికొక ముద్దుపేరు పెట్టి దాని యునికిని నీటిపంపు చప్పుడంత సహజముగా నంగీకరింతురు. పాపము, ఆ దయ్యమైన తన వైరమును చప్పుడుచేసి తెలుపును.

అలంకారశాస్త్రమున సాహిత్యదర్పణకారుడు హాస్యమునకు కరుణ విరోధియని చెప్పెను. రెండు రసములు ఎదురుపడినచో నొకటి చెడుననుట అనుభవమునకు సరిపోవునదే. విషాదఘట్టమున హాస్యోక్తి చొప్పించి రెంటిని చెఱచుకొన్న రచనలు మనకు కొఱత కావు. ఫిట్జ్‌జెరాల్డ్ వానిని కలుపబోలేదు. హాస్యము చెప్పుచున్న గొంతుతోనే దుఃఖమును చెప్పి, స్వరభేదము చూపుటకు నిరాకరించినది. ఫ్లారెన్స్‌కు ఆ ఊర నిజమైన మిత్రుడొక్కడే: బ్రండిష్ అను ఏకాంతవాసియైన వృద్ధుడు. అతడు జబ్బుదేహముతో శ్రీమతి గామార్ట్ ఇంటికి నడచి పోయి, ఫ్లారెన్స్ జోలికి పోవలదని స్పష్టముగా చెప్పి, తిరిగివచ్చుచు దారిలో కూలి మరణించును. తరువాత జనరల్ గామార్ట్ ఫ్లారెన్స్‌ను పరామర్శింపవచ్చి, కళాకేంద్రపు ఆలోచన మెచ్చుకొనుటకే ఆ ముసలాయన తమ యింటికి వచ్చెనట యని, భార్య చెప్పిన మాటను నమ్మి, సద్భావముతోనే చెప్పును. నావంటి వ్యాసరచయిత ఇచట విధివైపరీత్యమును గూర్చి నాలుగు వాక్యములు గుప్పించి గాని కలము దింపడు. ఫిట్జ్‌జెరాల్డ్ మాత్రము విశేషణమొక్కటియు వ్యయపఱుపక, తరువాతి పనిలోనికి సాగిపోవును.

ఇంటిచెమ్మ సంగతి యింకను చిత్రమైనది. మొదటి పుటలనుండియు ఆ చెమ్మ మనకొక పరిహాసము. తడిసిన గోడలు, ఎంతకును ఆఱని నేలమాళిగ, ఇది సముద్రతీరపు ఇంటికి సహజమేగదా యని చదివి దాటిపోదుము. చివర ఇల్లు స్వాధీనపఱుపబడి, ఫ్లారెన్స్ నష్టపరిహారము కోరినప్పుడు, ఆ చెమ్మయే న్యాయశాస్త్రమై యెదుట నిలుచును: నీరు చేరిన యిల్లు నివాసయోగ్యము కాదు గనుక పైకమేమియు రాదు. సాక్ష్యపత్రముపై చేవ్రాలు చేసినవాడు బి.బి.సి. ఉద్యోగి మైలో నార్త్. దుకాణమున నవ్వుచు తిరిగినవాడు, అడిగిన పనిని కాదనుట బద్ధకమైనవాడు. దుష్టుడని యతనిని ద్వేషించుటకైనను రచయిత్రి మనకు వీలు చిక్కనీయదు.

నవల వెలువడిన యేడు బుకర్ బహుమానపు తుదిజాబితాలో ఈ గ్రంథమును నిలిచినది గాని, బహుమానము ఐరిస్ మర్డాక్ ‘ది సీ, ది సీ’కి పోయినది, మఱుసటియేట ఫిట్జ్‌జెరాల్డ్ నవల ‘ఆఫ్‌షోర్’ దానిని గెలుచుకొనెను. తీర్పులతో నాకు పేచీ లేదు. నా పేచీ క్రిస్టీన్ విషయమున. చదువుకంటె దుకాణమునందే మనస్సుంచిన ఆ పిల్ల, పదునొకండవయేట ఆనాటి ఇంగ్లండులో పిల్లల భవిష్యత్తు తేల్చెడి పరీక్షలో తప్పును, ఇక గ్రామర్ స్కూలు లేదు, మంచి యుద్యోగము లేదు, జీవితమంతయు కాయకష్టమేయని తల్లి నెమ్మదిగా చెప్పును, ప్రకరణము ముగియును. గొంతెత్తకుండుట ఎంత గొప్ప విద్యయైనను, ఇచట అది నాకు లోభముగానే తోచును. ఊరు వదలిన ఫ్లారెన్స్‌కు మఱియొక ఊరుండవచ్చును గాని, ఆ పిల్లకు మఱియొక పరీక్ష లేదు. ఇంకొక పుట యిచ్చియుండవలసినది.