గోధుమ రైతుల ఫోలీ

తన జిల్లా పంటను తలకెత్తుకుంటూనే పక్కవాడి ఆకలినీ పట్టించుకోవడం రాజకీయంలో అరుదైన పనితనం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తూర్పున, పలూస్ గుట్టల గోధుమ చేలున్న నియోజకవర్గం నుంచి 1964లో ప్రతినిధుల సభకు నెగ్గిన టామ్ ఫోలీకి అది బాగా వచ్చు.

డెమోక్రాటే అయినా ఎదుటి పార్టీవాళ్లతో కూర్చుని మాట్లాడే మితవాది. 1975లో ఆ సభ వ్యవసాయ కమిటీకి అధ్యక్షుడయ్యాడు. పల్లె సభ్యులకు పంట మద్దతు ధర కావాలి, నగర సభ్యులకు పేదలు తిండి కొనుక్కునే కూపన్లు, అంటే ఫుడ్ స్టాంపులు కావాలి. ఏ ఒక్క పక్షం ఓట్లూ చాలవు. అందుకే ఫోలీ కమిటీ రెంటినీ ఒకే బిల్లులో కట్టింది. పేదలు ముందుగా కొంత డబ్బు కడితేనే స్టాంపులిచ్చే నిబంధన అలా వచ్చిన 1977 చట్టంతో పోయింది. చేతిలో పైసా లేనివాడికీ తిండి దొరికే దారి అది. నా దృష్టిలో ఆయన స్పీకర్ పదవి కన్నా ఇదే గొప్ప.

1989లో స్పీకర్ అయ్యాడు, 1994లో సొంత జిల్లాలోనే ఓడాడు. తాము ఆమోదించిన పదవీకాల పరిమితులపై ఆయన కోర్టుకెక్కడాన్ని చాలామంది ఓటర్లు క్షమించలేదు. తర్వాత జపాన్‌కు రాయబారిగా వెళ్లాడు. ఆయన జిల్లా గోధుమలు ఏనాటి నుంచో అమ్ముడుపోతున్న దేశమే అది.