స్టాండర్డ్ అనే అభిప్రాయం

డిజిటల్ కెమెరా మెనూలో 'స్టాండర్డ్' అని ఒకటుంటుంది. చాలామంది దాని జోలికే పోరు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, డిఫాల్ట్ అంటే ఏదో ఒక ఆఫీసులో ఎవరో కూర్చొని తీసుకున్న నిర్ణయం. సెన్సరు పట్టుకునేది వెలుతురు కొలతలే. నీడ ఎంత నల్లగా ఉండాలి, చర్మం ఎరుపుకు మొగ్గాలా పసుపుకా అన్నది ఆ తర్వాత జరిగే వ్యాఖ్యానం. కానన్ దానికి పిక్చర్ స్టైల్ అని పేరు పెట్టింది, నికాన్ పిక్చర్ కంట్రోల్ అంది, ఫ్యూజీవాళ్ళు తమ పాత ఫిల్ముల పేర్లే తెచ్చి ప్రొవియా, వెల్వియా అన్నారు. కథల మీద, కవితల మీద వచ్చే వ్యాఖ్యానాలను చీల్చి చెండాడతామే, దీన్ని మాత్రం ఎందుకు వదిలేస్తాం?

మా పుత్తూరు పెళ్ళి ఆల్బమ్‌లు తిరగేయండి. పెళ్ళికూతురు ఎవరైనా రంగు ఒకటే. పోర్ట్రెయిట్ స్టైలు, ఎక్స్‌పోజర్ కాస్త పైకి, కాంట్రాస్ట్ కిందికి, ఆల్బమ్ చేసేచోట ఇంకో పూత. మా చిన్నాన్న కూతురి ఆల్బమ్ వచ్చినప్పుడు మా పెద్దమ్మ రెండు పేజీలు తిప్పి, "బొట్టు కనపడతా ఉండాది, బిడ్డే కనపళ్ళేదే" అనింది. ఫోటోల మీద అంత సూటి విమర్శ నేనింకోటి చదవలేదు. ఫోటోగ్రాఫర్‌ని తిట్టి లాభం లేదు, అట్లా కావాలని అడిగేది మనమే. కొడాక్ ల్యాబుల్లో ప్రింట్ల రంగు సరిచూసుకోడానికి వాడిన 'షర్లీ కార్డు' మీద చాలా ఏళ్ళు తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆ కార్డుల కాలం పోయింది, మన ఆల్బమ్‌ల్లో చూపు మారలేదు.

ఆటో వైట్ బ్యాలెన్స్‌తో నా తగువు వేరు. పొద్దున్నే నగరి కొండల మీద ఎండ పడితే బండలు బెల్లం రంగుకు తిరుగుతాయి. ఆటోలో పెడితే కెమెరా ఆ బెల్లాన్ని లోపం అనుకొని కొంత తుడిచేస్తుంది. డేలైట్‌లో, అంటే సుమారు 5200 కెల్విన్ దగ్గర, కదలకుండా పెడితే పొద్దు పొద్దులాగే వస్తుంది. (రకరకాల లైట్లు వెలిగే కల్యాణ మంటపంలో మాత్రం ఆటోనే దిక్కు.) నీడల్ని పైకి లేపే సౌకర్యం ఇంకొకటి, నికాన్‌లో యాక్టివ్ డి-లైటింగ్, కానన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్. మే నెల మధ్యాహ్నం చింతచెట్టు కింద కూర్చున్న మనిషిని దాంతో తీస్తే మొహం బాగానే తేలుతుంది, నీడ పలచబడుతుంది. ఎండాకాలం మా వైపు నీడంటే ఆస్తి. అది లేని ఫోటోలో ఆ మనిషి అక్కడెందుకు కూర్చున్నాడో తెలీదు. నేను దాన్ని ఆపేస్తాను.

సినిమావాళ్ళది ఇంకో స్టాండర్డ్. ఫ్యాక్షన్ కథ అంటే తెరంతా ఎర్రమట్టి. మామిడితోపులు, చెరుకుతోటలు, ఈశాన్య రుతుపవనం వానలయ్యాక పచ్చబడే మా కొండలు ఆ రంగులో ఇమడవు. అట్లని వెల్వియా పెట్టి ఆకుల చేత కేకలేయించడమూ నచ్చదు.

నలుపు తెలుపులోకి పారిపోయినా తప్పించుకోలేం. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లీ వెన్నెలంతా బూడిదరంగు మెట్ల మీదే నిలబడింది. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు నగలు మెరిశాయి గానీ, నా కంటికి వెన్నెల తగ్గింది. కెమెరా మోనోక్రోమ్‌లో పసుపు, ఆరెంజ్, ఎరుపు ఫిల్టర్లుంటాయి. ఎరుపు పెడితే నీలాకాశం నల్లబడి కొండ అంచు తేలుతుంది, దాంతోపాటు మనుషుల చర్మమూ తెల్లబడుతుంది. మళ్ళీ ఆ ఆల్బమే!

"రా ఫైలు ఉంచుకుంటే అన్నీ తర్వాత మార్చుకోవచ్చు కదా" అంటారు. నిజమే, ఈ అమరికలు జేపెగ్‌లోనే గట్టిపడతాయి. పుత్తూరు కట్టు లాంటిదే, ఎముక సరిగ్గా పెట్టాకే కట్టాల. కానీ రా తీసినా మామూలుగా కెమెరా వెనక తెర మీద కనిపించేది, హిస్టోగ్రామ్‌తో సహా, జేపెగ్ లెక్కే. కాంట్రాస్ట్ ఎక్కువున్న స్టైలు పెడితే తెల్లపంచె కాలిపోయినట్టు చూపిస్తుంది. రాలో అది కాలి ఉండకపోవచ్చు. అయినా భయపడి ఎక్స్‌పోజర్ తగ్గిస్తాం. పంచె నిలబడుతుంది. దాని పక్కనున్న నల్లటి మొహం ఇంకా కిందికి పోతుంది, తర్వాత కంప్యూటర్లో పైకి లాగితే వచ్చేది నాయిసే.