యుద్ధభూమినుండి వచ్చిన లేఖ: వచనవిచారము

ఆనందపురము విశాఖపట్టణమునుండి విజయనగరమునకుఁ బోవు బాటలోని కూడలి, పూలబేరమునకుఁ బేరుపడినది. అచ్చటికిఁ గొలఁది దూరముననే పద్మనాభము గలదు. 1794 వ సంవత్సరము జూలై 10 వ తేదీన విజయనగర ప్రభువగు చిన్న విజయరామరాజు కుంపిణీసేనతోఁ బోరి యచ్చటనే నేలకొఱిగెను. ఆ పోరు నేఁటికిని ఆ ప్రాంతపు జనుల నోట నిలిచియున్నది. నిలిపినవారెవ్వరనఁగా, ఒకవైపు గాథలు పాడినవారు, వేఱొకవైపు కుంపిణీ దస్తరములు వ్రాసినవారు. 1757 నాఁటి బొబ్బిలి విషయమును నంతియే. పల్నాటి బాలచంద్రుఁడు మొదలుకొని తాండ్ర పాపారాయని వఱకు మన వీరులందఱును కథలలోఁ జక్కఁగా మాటలాడుదురు. కాని యా మాటలు కవులవి. పడిపోయినవాని పలుకును పరులు కూర్చి వినిపించుటయే మన వీరవాఙ్మయమున వాడుక.

ఇటీవలి సైనికాధికారి విషయము వేఱు. ఆతఁడు చదువుకొన్నవాఁడు, అంతకంటెను, వ్రాయుటకు నిర్బంధింపఁబడినవాఁడు. ఆ విజయనగరపుఁ దట్టుననే కోరుకొండలో 1962 వ సంవత్సరమున నెలకొన్న సైనికపాఠశాల గలదు. 2020 జూన్ 15 వ తేదీన గల్వాను లోయలో మరణించిన సూర్యాపేట వాస్తవ్యుఁడు కర్నలు సంతోష్ బాబు బాల్యమునఁ జదివినది యచ్చటనే. ఇట్టి పాఠశాలలనుండి పైశిక్షణాలయములకుఁ బోయిన యువకులు పటము చదువు విధము, తుపాకి విడదీసి కూర్చు క్రమము, పరుగులోఁ దమకుఁ బట్టిన కాలము, తమవలన జరిగిన తప్పు, పైయధికారి చేసిన మందలింపు మొదలగువానిని బుస్తకములలో గుర్తించుకొందురు. ఇంటికి జాబులు వ్రాయుదురు. పిమ్మట నొకనాఁడు ఆ యువకుఁడు రాఁడు. ఆ కాగితములు మాత్రము మిగులును. వానిని జదువవలసిన విధమెట్టిది యనునదియే యిచ్చటి ప్రశ్నము.

ఈ విషయమున రెండు పక్షములు వినవచ్చుచున్నవి. ఇవి కావ్యములు గావు, రసాలంకారములు లేవు, కావున చరిత్రకారులకు వదలవలసినవని యొక పక్షము. ఇవి పవిత్రములు, వీనిని విమర్శించుట పాపము, నమస్కరించి యూరకుండవలయునని రెండవ పక్షము. మొదటిది తిరస్కారము, రెండవది గౌరవమువలెఁ గనఁబడును. ఫలము మాత్రము రెంటికి నొక్కటియే. ఇరువురును దానిని జదువరు. చచ్చినవాఁడు వ్రాసినది పీఠముపై నుంచఁబడును, వాక్యముగా గ్రహింపఁబడదు. వాక్యమును వాక్యముగాఁ జదివి, పదమునకుఁ బదము విలువకట్టుటకంటె వ్రాసినవానికిఁ జేయఁదగిన గౌరవము వేఱొకటి లేదు. దీనికి నిదర్శనముగా తెలుఁగుదేశమునఁ బుట్టిపెరిగిన యొక సేనాని లేఖ యిచ్చట విచారింపఁబడుచున్నది.

మేజరు పద్మపాణి ఆచార్య 1969 జూన్ 21 వ తేదీన హైదరాబాదున జన్మించెను. వంశము ఒడిశాదేశీయము, తండ్రి వాయుసేనలో వింగు కమాండరుగాఁ బనిచేసి విరమించినవారు. పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ జదివి, మదరాసులోని సైనికాధికారుల శిక్షణాలయమున నభ్యసించి, రాజపుతానా రైఫిల్సు రెండవ పటాలమునఁ జేరెను. 1999 కార్గిలు యుద్ధమున, జూన్ 28 వ తేదీ రాత్రి, ద్రాసు ప్రాంతమునందు ముందునడచు కంపెనీకి నాయకుఁడై, శత్రువు మందుపాతరలతోను మరతుపాకులతోను గట్టిపఱచియున్న శిఖరముమీఁదికి నడచెను. గుండ్లు తగిలి కదలలేకపోయినపుడు తన్ను విడిచి ముందునకుఁ బొండని తనవారి కాజ్ఞాపించెను. స్థావరము చిక్కినది, ఆయన మరణించెను. ముప్పదియవ యేఁడు నిండి వారము దినములే యయ్యెను. మహావీరచక్రము మరణానంతరమున నొసఁగఁబడినది.

ఆ జూన్ నెలలోనే, చివరి పోరునకుఁ గొలఁది దినములు ముందు, ఆయన తండ్రికొక యుత్తరము వ్రాసెను. భాష ఇంగ్లీషు. వాక్యములు చిన్నవి, విషయములు మూఁడే. ప్రాణనష్టమును గూర్చి దిగులుపడవలదు, అది తమ వృత్తియందలి యపాయము, తమ వశములోనిది గాదు, కారణము మాత్రము మంచిది యనునది మొదటిది. యుద్ధము జీవితమున కొక్కమాఱు లభించు గౌరవమని తల్లితోఁ జెప్పవలయు ననునది రెండవది. గర్భవతియైన భార్యకు దినమున కొక్క భారతకథ చెప్పుచుండవలయు, అందువలన పుట్టఁబోవు బిడ్డకు సద్గుణములు పట్టువడు ననునది మూఁడవది.

మొదటి విషయమును దెలిఁగించుటలోనే చిక్కు గలదు. వృత్తియందలి యపాయము అనుమాటను విధి యనియో, కర్మ యనియో, ప్రారబ్ధ మనియో మార్చుటకు మనవారి కలము తొందరపడును. ఆ మార్పుతో లేఖ చెడును. ఆయన దైవమును నిందింపలేదు, దైవముపై భారము వేయనులేదు. భీమునిపట్టణపు జాలరి తుపానును దలఁచునట్లు, తాటిచెట్టెక్కు గీఁతగాఁడు మోకు తెగుటను దలఁచునట్లు, ఆయన మరణమును దలఁచెను. ఇది వేదాంతమునందలి వైరాగ్యము గాదు. పని తెలిసినవాని మాట. అట్లే గౌరవ మనుచోట జన్మసాఫల్యమని వ్రాసినచో శబ్దము బరువెక్కును గాని యర్థము తప్పును. సాఫల్య మనఁగా ఫలము చేతికి వచ్చినది, ముగిసినది. ఆయన చెప్పినది ముగింపు గాదు. ఒక పని తనకప్పగింపఁబడినదను సంతోషము.

ఈ వచనము ఎచ్చటినుండి వచ్చినది? సేనలో నాయకుఁడు తనవారి కాజ్ఞ చెప్పుట కొక క్రమము కలదు. బ్రిటిషువారి కాలమున సమాచారము, ఉద్దేశము, విధానము, సరఫరా, వార్తాసంబంధము అను నైదు శీర్షికలను శిక్షణలో నభ్యసింపఁజేసెడివారు. తరువాత పేర్లు మాఱినను క్రమము ప్రాయికముగా నదియే. అందు విశేషణమునకుఁ జోటు లేదు, రెండుమాఱులు చెప్పుట లేదు. అర్ధమాత్ర తగ్గినచోఁ బుత్రుఁడు పుట్టినంత సంతసింతురని వైయాకరణులను బరిహసించు వాడుక యొకటి కలదు. శిక్షణాలయపు గురువులును ఆ కోవలోనివారే యని తోఁచును. అచ్చట లాఘవమునకుఁ గారణము శబ్దసౌందర్యము గాదు, చీఁకటిలో గుండ్లచప్పుడు నడుమ వినఁబడవలయు ననుట. ఈ లేఖను ఆ క్రమమునకు సరిచూడుఁడు. ముందు స్థితి, పిదప ఉద్దేశము, తరువాత ఇతరులు చేయవలసిన పని. కుమారుఁడు తండ్రికి వ్రాసిన జాబు కంపెనీ నాయకుని యాజ్ఞవలె నడచుచున్నది. చివర నున్నది ప్రార్థనార్థక క్రియయే యైనను, దాని నడక విధ్యర్థకము. అందుచేతనే యిట్టి యొక యుత్తరమును మెచ్చుకొని శిక్షణకాలపుఁ బుస్తకములను జెత్తగా నెంచుట తగదు. ఉత్తరమందలి యా పొదుపు మాట ఒక్క రాత్రిలో శిఖరముమీఁదఁ బుట్టినది గాదు.

ఇఁక భారతకథల మాట. ఈ లేఖ విన్నవెంటనే ఎల్లవారికిని అభిమన్యుఁడు జ్ఞప్తికి వచ్చును. తల్లిగర్భమునందుండియే పద్మవ్యూహమును విన్నవాఁ డతఁడని లోకప్రసిద్ధి. పండితులు రెండు సంగతులు గమనింపవలయును. వ్యాసభారత ద్రోణపర్వమునందు అభిమన్యుఁడు తనకుఁ దండ్రి ప్రవేశము నేర్పెను, నిర్గమము నేర్పలేదని చెప్పుకొనును. గర్భములో వినుట యనునది జనశ్రుతి. ఇది యటులుండ, ఆ జనశ్రుతిలో శిశువు నేర్చినది యుద్ధవిద్య. ఈ సేనాని కోరినది యుద్ధవిద్య గాదు. తాను యుద్ధమునందే నిలిచియుండియు తన బిడ్డకు వ్యూహములు వినిపింపుఁడని వ్రాయలేదు, సద్గుణములని వ్రాసెను. పోలిక దగ్గఱగానే యున్నట్లు కనఁబడి తలక్రిందగుచున్నది.

సరియైన పోలిక వేఱొకటి కలదు. అభిమన్యుఁడు పడినపుడు ఉత్తర గర్భవతి. ఆ గర్భమునఁ బుట్టినవాఁడు పరీక్షిత్తు. పరీక్షిత్తు కొడుకు జనమేజయుఁడు. భారతము వైశంపాయనుఁడు ఎవరికిఁ జెప్పెను? ఆ జనమేజయునికే. అనఁగా నా మహాగ్రంథ మంతయు, యుద్ధమునఁ బడిన యొక యువకుని మనుమఁడు తన పెద్దలకథను అడిగి వినుటయను చట్రములో నున్నది. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుఁడు నన్నయను భారత మడిగినదియు, అది తన వంశకర్తల కథ యగుటచేతనే గదా! పద్మపాణి ఆచార్య ఇంత విచారించి వ్రాసెనని చెప్పుట యతిశయోక్తి యగును. యుద్ధభూమిలో నట్టి తీరిక యుండదు. కాని కథ చెప్పవలసిన వానిని ఆయన చక్కఁగా నెన్నుకొనెను. తాను తిరిగివచ్చి చెప్పెద ననలేదు. తాత చెప్పవలయు నని వ్రాసెను. ఒక్క క్రియకుఁ గర్తను మార్చుటలో మొదటి వాక్యమునందలి యపాయ మంతయు మఱల వినఁబడుచున్నది. దినమున కొక్కటి యను వీప్సయు నట్టిదే: లేని దినములకుఁ గూడ లెక్క కట్టినది.

ఆ పటాలముననే, ఆ పోరునందే, ఇరువదిరెండేండ్ల కెప్టెను విజయంత్ థాపరు మరణించెను. ఆతఁడు ముందుగానే యొక యుత్తరము వ్రాసి, తాను తిరిగి రానిచోఁ దల్లిదండ్రుల కందఁజేయవలసినదని యుంచెను. ఇది యందునప్పటికి తాను ఆకాశమునుండి చూచుచుందునని, అప్సరసల యాతిథ్య మనుభవించుచుందునని యం దున్నది. కొంత హాస్యముతోడనే యున్నను, వైయాకరణునకిది గొప్ప చిక్కు. వక్త కనులఁ జూడని గతమును జెప్పుటకు సంస్కృతమున లిట్టు గలదు. తన్నుగూర్చి తానే లిట్టు నెట్లు వాడఁగలఁడని ప్రశ్నించి, నిద్రయందును మదమందును దగునని మహాభాష్యకారుఁ డుదాహరణము లిచ్చెను. మరణమున కుదాహరణ మీయలేదు. థాపరు లేఖ నిలిచినది సరిగా నా చోటున. కాని యా యాకాశము వెంటనే దిగివచ్చును: శరీరావయవముల దానము, అనాథశరణాలయమునకుఁ గొంత ధనము, ఒక చిన్నబాలికకు నెలకు ఏఁబది రూపాయలు. రెండు లేఖలలో నేది గొప్పదని యడుగుట పసితనము. మరణించినపుడే చదువుటకు వ్రాసినదానికి రంగస్థల మమర్పఁబడి యుండును. ఆచార్య లేఖ జవాబు నాశించి వ్రాసిన మామూలు జాబు. సాహిత్యదృష్టితో రెండవదియే కష్టతరము, ఏలయన దానికి ముగింపు తెలియదు.

రసనిర్ణయమున నెక్కువ కాలము పుచ్చనక్కఱలేదు. వీరము దాన, ధర్మ, యుద్ధ, దయాభేదములచే నాలుగు తెఱఁగులని సాహిత్యదర్పణకారుఁ డొప్పెను. శిఖరముమీఁది కార్యము యుద్ధవీరము, లేఖ ధర్మవీరము. దీనిని గరుణముగాఁ జదువువారు తమ కన్నీటిని వ్రాసినవానికి అంటఁగట్టుచున్నారు. స్థాయి శోకము గాదు, ఉత్సాహము.

మన ప్రాంతపుఁ బాఠశాలలలో నిట్టివారి వర్ధంతులకుఁ జదువు పద్యములు తఱచుగా సింహములతోను శార్దూలములతోను నిండియుండును. పేరు మార్చిన నా పద్యము మఱియొకనికిఁ బనికివచ్చును. అంతకంటె విషాదకర మేమనఁగా, మిగిలిన పుస్తకములను అచ్చువేయునపుడు బంధువులో, ఆ పండితులో తప్పులు దిద్దుట. పరుగులో వెనుకఁబడితిననియు, పటము తప్పుగాఁ జదివితిననియు నున్న పుటలను దొలఁగించుట ప్రేమచేతనే జరుగును. కాని గోశబ్దమునకు గావీ, గోణీ యను నపభ్రంశములను జెప్పియే పతంజలి సాధుశబ్దమును జూపెను, దాఁచలేదు. వెనుకఁబడినవాఁడు మఱునాఁడు మఱల పరుగెత్తినాఁడనుటయే యా పుస్తకమందలి కథ. మొదటి పుట చింపివేసినచో రెండవదానికి నర్థము లేదు. సంక్షేపాక్షరములను విప్పుట, గంటలను గుర్తించు విధమును మార్చుట, ఇంగ్లీషు మాటలు తెలుఁగు మాటల నడుమ నున్నచో వానిని తీసివేయుట, ఇవియు నట్టివే. తాళపత్రమున లేఖకుని స్ఖాలిత్యమును సయితము పాఠాంతరముగాఁ గాపాడు పరిశోధకులు, నిన్నటి యువకుని వ్రాఁతను మాత్రము మొగమాటముచే సవరించుట వింత.

ఆచార్య లేఖ చివరనున్న యొక్క పదమునుగూర్చి చెప్పవలసియున్నది. పుట్టఁబోవు వానిని ఇంగ్లీషున ఆయన వాడిన శబ్దము ఆడ మగ భేదము లేనిది. తెలుఁగు చేయువారు మనుమఁడని వ్రాయుటకు సులభముగాఁ దలపడుదురు, కలము నలవాటట్టిది. తండ్రి మరణానంతరము పుట్టినది ఆఁడుబిడ్డ. అట్లని మనుమరాలని వ్రాసినను దోషమే; వ్రాసిన దినమున ఆయనకు నది తెలియదు, తెలిసినట్లు వ్రాయించుటకు మనకు హక్కు లేదు. ఆ తెలియమిని అట్లే నిలుపఁగల శబ్దము తెలుఁగున నున్నది: బిడ్డ.